టర్బో లేని లారీ ఇంజను నుంచి పూర్తి శక్తి రాబట్టడం

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే రోడ్డులో సుంకి ఘాట్ ఎక్కుతున్న పాత లారీని వెనుక నుంచి చూస్తే, దాని ఇంజను పరిస్థితి ఏమిటో పొగను బట్టే తెలిసిపోతుంది. నల్లగా పొగ కక్కుతూ రెండో గేరులో మూలుగుతూ ఎక్కే బండికి చాలామంది చేయించే వైద్యం ఒక్కటే: డీజిల్ పంపు స్క్రూ తిప్పించి డీజిల్ పెంచడం. దానివల్ల పొగ పెరుగుతుంది, పిస్టన్ల మీద వేడి పెరుగుతుంది, ఎత్తు ఎక్కే బలం మాత్రం రాదు. టర్బో (గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజను తనంతట తాను ఎంత గాలి పీల్చుకోగలిగితే అంత డీజిలే కాల్చగలదు కనుక, పని గాలి దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు లెక్క చూద్దాం. ఉదాహరణకు టాటా 697 ఇంజనుకు 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు (సిలిండరు వెడల్పు), 128 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 5,675 సి.సి. రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 2,800 చుట్ల వద్ద దాదాపు 7,900 లీటర్లు లోపలికి రావాలి. అందులో 85 శాతం వస్తే, మన వేసవి గాలిలో అది గంటకు సుమారు 460 కిలోలు. పొగ రాకుండా కాలాలంటే కిలో డీజిల్‌కు 20 కిలోల గాలి కావాలనుకుంటే, గంటకు 23 కిలోల డీజిల్ కాల్చవచ్చు. ఒక్కో హార్స్ పవర్‌కు గంటకు 170 గ్రాముల చొప్పున లెక్కిస్తే 135 హార్స్ పవర్ వస్తుంది. ఈ ఇంజను నుంచి 200 ఆశించేవారు ఇంకా పెద్ద ఇంజను చూసుకోవడమే మంచిది. బోరు ఒక మిల్లీమీటరు పెంచినా సామర్థ్యం పెరిగేది 2 శాతమే.

విప్పే ముందు ఆరు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలిచి రాసుకోవాలి. ఒకదానికీ మరొకదానికీ చదరపు సెంటీమీటరుకు మూడు కిలోలకు మించి తేడా ఉంటే రింగులో, లైనరో, వాల్వు సీటో పోయినట్టే. అది సరిచేయకుండా మిగతా ఏ పని చేసినా డబ్బు దండగ.

తరువాత ఎయిర్ క్లీనర్. డీజిల్ ఇంజనులో గాలిని అడ్డుకునే థ్రాటిల్ (మూత) ఉండదు కనుక, బండి నిలబెట్టి పూర్తి రేసు ఇచ్చినా అది పూర్తి గాలి పీలుస్తుంది. ఫిల్టరుకూ మానిఫోల్డుకూ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టానికీ) మధ్య గొట్టానికి సన్నని పారదర్శక ట్యూబు తగిలించి, దాన్ని యు ఆకారంలో వంచి సగం రంగు నీళ్లు పోసి, రేసు ఇస్తూ రెండు వైపుల నీటి మట్టాల తేడా కొలవండి. తేడా 500 మి.మీ. దాటిందంటే వాతావరణ ఒత్తిడిలో దాదాపు 5 శాతం అక్కడే పోతోంది. పై లెక్కలో అది ఆరేడు హార్స్ పవర్. గాలి తీసుకునే మూతి ఎక్కడుందో కూడా చూడాలి. ఇంజను పక్కన ఉండి, బయటికన్నా 30 డిగ్రీలు వేడెక్కిన గాలిని పీలిస్తే 9 శాతం నష్టం. ఆ గొట్టాన్ని క్యాబిన్ వెలుపల ఎత్తుకు తీసుకుపోవడం అన్నిటికన్నా చౌకైన పని, చాలామంది పట్టించుకోని పని కూడా.

హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పాక మానిఫోల్డు ప్యాకింగును పోర్టు (హెడ్‌లో గాలి పోయే రంధ్రం) మీద పెట్టి, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి అంచు చుట్టూ తిప్పండి. నేను విప్పిన ఒక హెడ్‌లో మూడో పోర్టు దగ్గర ప్యాకింగ్ రెండు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకు వచ్చి, దాని మీద నూనె కలిసిన దుమ్ము గట్టు కట్టి ఉంది. అటువంటి మెట్లను, పోతలో మిగిలిన గరుకు గీతలను మాత్రమే తీయాలి. పోర్టును వెడల్పు చేయకూడదు, దాని వంపును మార్చకూడదు; గాలి సుడి తిరుగుతూ దిగితేనే డీజిల్‌తో బాగా కలుస్తుంది, ఆ సుడిని పుట్టించేది ఆ వంపే. అద్దంలా మెరిసేలా పాలిష్ చేస్తే అందమే తప్ప లాభం లేదు.

వాల్వు సీట్లను ఒకే కోణంలో కాక మూడు కోణాల్లో కోయించి, వాల్వులు బిగించి, హెడ్‌ను పక్కకు వాల్చి పోర్టులో కిరోసిన్ పోయాలి. ఐదు నిమిషాల తరువాత కూడా వాల్వు అంచు తడవకూడదు. పదేపదే గ్రైండింగ్ చేయించిన సీట్లలో వాల్వు లోపలికి దిగిపోయి గాలి దారి ఇరుకవుతుంది, కంప్రెషన్ కూడా తగ్గుతుంది. దిగుడు మాన్యువల్ హద్దు దాటితే కొత్త సీటు వేయించాలి. టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది కనుక ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకులు) లేకుండా చేతి అంచనాతో సరిపెట్టకండి.

హెడ్ ప్యాకింగ్ మందం ఎంచుకోవడానికి పిస్టన్ మీద పిన్ను వరుసలో మెత్తని సీసం తీగ ముక్కలు గ్రీజుతో అంటించి, హెడ్ బిగించి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. కొలత మాన్యువల్ చెప్పిన హద్దులో తక్కువ వైపు ఉంటే బలం బాగుంటుంది. హద్దు దాటి తగ్గితే పిస్టన్ హెడ్‌ను తాకుతుంది.

పొగ బయటికి పోయే దారిలోనూ కొంత లాభముంది. ఈ ఇంజను 1-5-3-6-2-4 వరుసలో కాలుతుంది, అంటే ముందు మూడు, వెనుక మూడు సిలిండర్లు వంతులవారీగా పొగ వదులుతాయి. ముందు మూడింటికీ, వెనుక మూడింటికీ వేర్వేరు గొట్టాలు పెట్టి కొంత దూరం తరువాత కలిపితే ఒకదాని పొగ మరొకదాన్ని అడ్డుకోదు. సొట్టలు పడిన గొట్టం, లోపల పూడిన సైలెన్సర్ ఉంటే ముందు వాటిని మార్చాలి.

గాలి పనులన్నీ ముగిశాకే డీజిల్ జోలికి వెళ్లాలి. నాజిళ్లను (డీజిల్ చిమ్మే మొనలను) పరీక్షించి, పంపును బెంచి మీద కాలిబ్రేషన్ చేయించి, ఆరు లైన్లకూ సమానంగా డీజిల్ వచ్చేలా చూశాక, కొద్దికొద్దిగా పెంచుతూ లోడు మీద పొగ కనిపించిన చోట ఆగి కాస్త వెనక్కి తగ్గించాలి. ఎగ్జాస్టులో ఉష్ణోగ్రత గేజి ఉంటే 700 డిగ్రీలు దాటనివ్వవద్దు. గవర్నర్ (చుట్లకు హద్దు పెట్టే భాగం) స్ప్రింగు బిగించి చుట్లు పెంచే పనిని నేను ఒప్పుకోను: 2,800 నుంచి 3,200కు పెంచితే కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద లాగుడు 30 శాతం పెరుగుతుంది. రోడ్డు మీద తిరిగే బండికైతే, ఆర్‌సిలో ఉన్న వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది కాబట్టి, ఒరిజినల్ శక్తిని తిరిగి రాబట్టడం వరకే ఆగాలి.

ఫలితం కొలవడానికి ఘాట్ కన్నా మంచి చోటు లేదు. పనికి ముందూ తరువాతా అదే లోడుతో, అదే గేరుతో, అవే రెండు కిలోమీటరు రాళ్ల మధ్య సమయం రాసుకోండి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. అందుకే సాలూరులో పొగ లేకుండా నడిచిన ఇంజను పైకి వెళ్లాక పొగ వదలవచ్చు. పంపును పైఊరి గాలికి తగ్గట్టు పెట్టించుకోవాలి. మొదటి 500 కిలోమీటర్ల తరువాత టాపెట్లు మళ్లీ చూసి, ప్యాకింగ్ రకం కోరితే హెడ్ బోల్టులు వరుస తప్పకుండా తిరిగి బిగించి, ఆరు నాజిళ్లూ తీసి మసి అన్నిటికీ ఒకేలా ఉందో లేదో చూడాలి.