కావలి నుంచి ఒంగోలుకి ఆరు స్టేజీలు: మా చిట్టికి నేర్పడం నేనెలా నేర్చుకున్నాను

మా ఇంట్లో మంచం కింద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. చిట్టికి నాలుగేళ్లప్పుడు, ఎవరు ఏది చెబితే అది కొనేసిన రోజుల్లో నిండిన డబ్బా అది. చెక్క ముక్కలు, పూసలు, చార్టులు, బొమ్మల కార్డుల పెట్టె, అన్నీ అందులోనే. కార్డుల్లో ఐ ఫర్ ఇగ్లూ, వై ఫర్ యాక్. మంచు ఇల్లు గానీ జడల బర్రె గానీ మా కావలిలో ఏ వీధిలో ఉంటాయో నాకైతే తెలియదు. చిట్టి వాటిని ఒకసారి చూసి, ఒక కార్డు నోట్లో పెట్టుకుని, వదిలేసింది.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. చిట్టికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే క్రోమోజోముల్లో తేడా, ఏదైనా నెమ్మదిగా నేర్చుకుంటుంది. ఇప్పుడు పదకొండేళ్లు. మా రూట్లో తిరిగే తల్లులు ముగ్గురు నలుగురు, ఒళ్లో ఇలాంటి పిల్లల్ని పెట్టుకుని, "అన్నా, మీ పాపకి ఇవన్నీ ఎట్టా నేర్పించారు, ఆ సామాన్లు ఎక్కడ దొరుకుతాయి" అని అడిగారు. టికెట్లు కొట్టుకుంటూ చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు కొనడం ఆపండి. ఆ డబ్బుతో చెవులు, కళ్లు, థైరాయిడ్ చూపించండి. చిట్టికి ఐదేళ్లప్పుడు పిలిస్తే పలికేది కాదు. "మొండిదిరా నాయనా, దీనికి చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే" అనేది మా అమ్మ. మేమూ అదే అనుకుని ఎనిమిది నెలలు గట్టిగట్టిగా అరుస్తూ నేర్పాం. తీరా పరీక్ష చేయిస్తే కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. చూపు లోపాలు, థైరాయిడ్ తక్కువ పనిచేయడం కూడా అంతే, అందుకే ఏటా ఒకసారి చూపించాలి. సర్కారు ఆస్పత్రికి వెళ్తే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని ఎక్కడ చూస్తారో అడగండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు అందులోకి వస్తారు.

ఇక అసలు పని. ఇది నాకు నేర్పింది మా మండలంలో భవిత కేంద్రం మేడమ్. సమగ్ర శిక్ష అనే సర్కారు చదువుల పథకం కింద మండలాల్లో ఈ భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లుంటారు, వాళ్లని ఐఈఆర్‌టీలు అంటారు. ఫిజియోథెరపీ డాక్టర్ వచ్చే రోజు ఏదో కూడా వాళ్లే చెబుతారు. కదల్లేని పిల్లలైతే టీచరే ఇంటికొచ్చి చెప్పే ఏర్పాటు ఉంది. ఎక్కడుందో తెలియకపోతే ఎంఈఓ ఆఫీసులో అడగండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. చాలామంది పిల్లని అక్కడ దింపేసి వెళ్లిపోతారు. నేనూ మొదట్లో అంతే. ఒకరోజు డ్యూటీ లేక అక్కడే కూర్చుండిపోయాను. మేడమ్ తన పుస్తకంలో 'ప్యాంటు వేసుకోవడం' అనే ఒక్క పనిని ముక్కలుగా రాసుకుని ఉంది. కూర్చోవడం, ప్యాంటు ముందు వైపు గుర్తుపట్టడం, ఒక కాలు పెట్టడం, రెండో కాలు పెట్టడం, మోకాళ్ల దాకా లాగడం, నిలబడి నడుం దాకా లాగడం. "ఇవి స్టేజీలు కదమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది గానీ నాకు మాత్రం ఆ క్షణంలో అంతా అర్థమైపోయింది. కావలి, తెట్టు, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. ఆరు స్టేజీలు.

ఇందులో ఒక కిటుకు ఉంది. నేనైతే కావలిలోనే మొదలుపెట్టేవాణ్ని. మేడమ్ వెనక నుంచి మొదలుపెట్టమంది. అంటే ఐదు స్టేజీలు మనమే చేసేసి, ఆఖరున నడుం దాకా లాగడం ఒక్కటే పిల్లకి వదిలేయాలి. టంగుటూరులో ఎక్కినవాడు కాసేపటికే ఒంగోల్లో దిగేస్తాడు చూడండి, అట్లా. పిల్లకి పని పూర్తయిన సంతోషం మొదటి రోజే దొరుకుతుంది. అది కుదిరాక సింగరాయకొండలో ఎక్కించండి, అంటే మోకాళ్ల దాకా లాగడం కూడా తనదే. అలా ఒక్కొక్క స్టేజీ వెనక్కి వస్తూ పోవాలి. కావలి దాకా రావడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. మధ్యలో జ్వరం వచ్చి రెండు స్టేజీలు మరిచిపోయింది కూడా. మళ్లీ టంగుటూరు నుంచే మొదలుపెట్టాం.

దీనికో నోటుబుక్కు పెట్టండి. ఎడమవైపు స్టేజీలు, పైన తేదీలు. పిల్ల చెయ్యి పట్టుకుని చేయిస్తే 'చె' అని, సైగ చేస్తే చేసిందంటే 'సై' అని, నోటితో చెబితే చేసిందంటే 'మా' అని, తనంతట తానే చేస్తే టిక్కు. అంతే. చె, సై, మా, టిక్కు, ఈ వరసలో మన సాయం తగ్గుతూ రావాలి. మా ఆవిడ మొదట్లో "ఏందయ్యా, పిల్లకి కూడా ఎస్ఆర్ రాస్తున్నావా" అని ఎగతాళి చేసింది. ఎస్ఆర్ అంటే మా కండక్టర్లు బస్సులో టికెట్ల లెక్క రాసే కాగితం. కానీ నెల తిరిగేసరికి ఆవిడే తేదీ వేసేది. ఎందుకంటే రోజూ చూసే కంటికి మార్పు కనిపించదు, బుక్కులో కనిపిస్తుంది. ఒకేసారి రెండు పనులకి మించి పెట్టుకోకండి. రోజూ పావుగంట, అదీ ఆ పని నిజంగా జరిగే వేళలోనే. ప్యాంటు పాఠం స్నానం అయ్యాకే. మధ్యాహ్నం మూడింటికి ఊరికే విప్పి వేయిస్తే పిల్లకి చిరాకు.

ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది మన ఊహతో తేల్చేది కాదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ ఉంది. అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరు ముందు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. వాళ్లు తయారుచేసిన ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టు ఉంది. పిల్ల ఇప్పుడు ఏం చేయగలదో అందులో ఒక్కొక్క అంశంగా గుర్తు పెడతారు. ఒక స్థాయిలో 80 శాతం వస్తే పై స్థాయికి పంపుతారు. తిండి, స్నానం, పళ్లు తోమడం, టాయిలెట్ లాంటి వాటి మీద తల్లిదండ్రుల కోసం చిన్న చిన్న పుస్తకాలు కూడా ఆ సంస్థే వేసింది. తెలుగువి ఉన్నాయా అని మొదట అదే అడగండి. దీనికోసం సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. ఆ సంస్థ కిందే నెల్లూరులో సీఆర్‌సీ ఉంది, అంటే కాంపోజిట్ రీజనల్ సెంటర్. అక్కడికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాటితో పాటు మీ నోటుబుక్కూ తీసుకెళ్లండి. బుక్కు చూపిస్తే మాట తీరే మారిపోతుంది, నా అనుభవం. ఎన్‌ఐఈపీఐడీ తయారుచేసిన టీఎల్ఎమ్ కిట్టు గురించి కూడా అడగండి. నేర్పే సామాన్ల పెట్టె అది, వైకల్యం ఉన్నవాళ్లకి పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం ఏడిప్ కింద అర్హత ఉన్న పిల్లలకి ఇస్తారు. నేను కొన్న డబ్బా కంటే నూరు రెట్లు నయం. ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న పిల్లలైతే మనకి చెన్నై దగ్గరే. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ ఉంది, అది కూడా కేంద్రానిదే.

చదువు సంగతికొస్తే, డౌన్ సిండ్రోమ్ పిల్లలు చెవితో విన్నదాని కంటే కంటితో చూసినది బాగా పట్టుకుంటారు. నాకిది తెలియక రెండేళ్లు అ ఆ ఇ ఈ వల్లె వేయించాను. తర్వాత తిరగేశాం. ముందు మాట మొత్తం బొమ్మలా గుర్తుపట్టించడం, అక్షరాలు తర్వాత. పోస్టుకార్డంత అట్టముక్కల మీద లావు స్కెచ్ పెన్నుతో నాలుగే మాటలు రాశాను: చిట్టి, అమ్మ, నాన్న, బస్సు. ఒక్కో మాటకి రెండు కార్డులు. మొదట జత పెట్టించాలి, ఇదీ అదీ ఒకటే అని. తర్వాత "బస్సు ఇవ్వు" అంటే తీసి ఇవ్వాలి. ఆ తర్వాతే "ఇదేంటి" అని అడగాలి. చాలామంది మూడోదానితో మొదలుపెడతారు. మాట సరిగ్గా రాని పిల్ల జవాబు చెప్పలేదు, దాంతో మనం రాదనుకుంటాం. ఇవ్వడం వస్తే చదవడం వచ్చినట్టే లెక్క. ఇంట్లో మనుషుల ఫోటోలు, తన పళ్లెం, తన చెప్పులు, ఇవే కార్డులు. ఇగ్లూ వద్దు.

చిట్టి ఐదో మాట నేను నేర్పింది కాదు. డిపో దగ్గర నిలబడి బస్సు బోర్డు మీద వేలు పెట్టి "ఒంగో" అంది. నేను అక్కడే, యూనిఫాంలోనే, కళ్లు తుడుచుకున్నాను. డ్రైవర్ అన్న ఏమైందని కంగారుపడ్డాడు.

రాయడానికి నోటుబుక్కు కంటే రాతి పలక మంచిది. ఈ పిల్లలకి కండరాల బిగువు తక్కువ, వేళ్లు జారిపోతాయి. పెన్సిల్ నున్నటి కాగితం మీద ఎటంటే అటు పోతుంది. పలక మీద బలపానికి కాస్త పట్టు ఉంటుంది. మన మార్కాపురం పలకలకి పెట్టింది పేరు కదా, గిద్దలూరు వైపు వెళ్లే స్నేహితుడితో తెప్పించాను. బలపాన్ని వేలి కణుపంత ముక్కలు చేసి ఇవ్వండి. పొడుగ్గా ఉంటే పిడికిలి బిగించి పట్టుకుంటారు, పొట్టి ముక్కని మూడు వేళ్లతోనే పట్టుకోవాలి, ఇంకో దారి లేదు. 'అ'తో మొదలుపెట్టకండి, అది మనకే మెలికలు. గ, ర, ప లాంటివి ముందు. పళ్లెంలో బొంబాయి రవ్వ పరిచి వేలితో రాయించినా సరే. తర్వాత ఆ రవ్వతో ఉప్మా చేయొద్దని మా ఆవిడకి చెప్పడం మాత్రం మరిచిపోయాను.

ఫోన్ గురించి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. మొదటి లెవెల్‌లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. నచ్చినవి దించుకుని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి, కాగితం మీదైతే వేలు పెట్టి చూపిస్తారు. పుస్తకాలు కొనాలనుకుంటే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చూడండి. మాట రాని పిల్లలకి ఐఐటీ బాంబే వాళ్ల జెల్లో అనే యాప్ ఉంది, ఉచితం. బొమ్మ నొక్కితే అదే మాట్లాడుతుంది. వినికిడి లేని పిల్లలుంటే ఢిల్లీలోని ఐఎస్ఎల్ఆర్‌టీసీ అనే సర్కారు సంస్థ చేసిన సైగల నిఘంటువు వీడియోలుగా ఉంది, పదివేల మాటలు. అన్నిటికంటే బాగా పనిచేసిన వీడియో మాత్రం నేనే తీసింది. చిట్టి పళ్లు తోముకుంటుంటే అరనిమిషం తీసి, మర్నాడు తోమే ముందు తనకే చూపించాను. తనని తాను చూసుకుని చేసినంతగా ఏ కార్టూన్ చూసీ చేయలేదు.

ఫోన్‌లోనే ఇంకో రకం కూడా వస్తాయి. బుద్ధి పెంచే పొడి, మూడు నెలల్లో మామూలు పిల్ల. ఒకచోట మేమూ కట్టాం, ఎంతో చెప్పడానికి సిగ్గు. డౌన్ సిండ్రోమ్ అంటే కణాల్లో 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సింది మూడు ఉండటం. ఏ పొడీ దాన్ని బయటికి తీయలేదు. థెరపీ పేరుతో పిల్లని లోపలికి తీసుకెళ్లి తలుపేసే చోట కూడా జాగ్రత్త. వారానికి రెండు గంటలు వాళ్ల దగ్గరుంటుంది, మిగతా కాలమంతా మన దగ్గరే. కాబట్టి "ఈ వారం ఇంట్లో మేమేం చేయాలో రాసివ్వండి" అని అడగండి. రాసివ్వని చోట ఫీజు కట్టకండి.

కాగితాల పని విసుగ్గానీ తప్పదు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేయించి వైకల్యం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, యూడీఐడీ అనే గుర్తింపు కార్డు కూడా. 40 శాతం, ఆ పైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. దగ్గర్లోని మామూలు బడైనా, ప్రత్యేక బడైనా మీ ఇష్టం. ఒక ప్రైవేటు స్కూల్లో మాకు "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారు. అప్పుడు ఈ చట్టం తెలియక తల దించుకుని వచ్చేశాను. బడిలో చేరాక ఆడపిల్లలకి నెలకి 200 రూపాయల స్టైపెండ్, రవాణా భత్యం లాంటివి సమగ్ర శిక్ష నుంచి ఉంటాయి, భవితలోనే అడగండి. కేంద్ర సర్కారు సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి మాత్రమే. చెన్నైకో సికింద్రాబాద్‌కో రైల్లో పోతే, తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం పిల్లకి, వెంట వెళ్లే ఒకరికి స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వే ఇచ్చిన ఫారంలో సర్కారు డాక్టర్ సంతకం కావాలి.

ఇప్పుడు మా బుక్కులో నడుస్తున్న పేజీ 'టికెట్ తీసుకోవడం'. పది రూపాయల నోటు పర్సులోంచి తీయడం, కండక్టర్‌కి ఇవ్వడం, ఊరు చెప్పడం, టికెట్ పర్సులో పెట్టుకోవడం. ఆఖరి స్టేజీ నుంచే మొదలుపెట్టాం కాబట్టి టికెట్ పర్సులో పెట్టడం వచ్చేసింది. నోటు ఇవ్వడం దగ్గర ఆగింది. నా బస్సులో అయితే ఇవ్వదు, నాన్నకి డబ్బులెందుకు అనుకుంటుందేమో. అందుకని ఆదివారం పక్క డిపో తమ్ముడి బస్సెక్కిస్తున్నాం.

బుక్కు కొనేటప్పుడు రెండు వందల పేజీలది, గట్టి అట్టది కొనండి. పెన్సిల్‌తోనే రాయండి. మా మొదటి బుక్కు ఇంకు పెన్నుతో రాశాను, చిట్టి దాన్ని కూడా స్నానం చేయించింది.