విధి నిర్వహణలో అమరుడైన పోలీసును విశ్వాసపూర్వకంగా స్మరించే విధానం

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు మరణించినందువల్ల, దేశమంతటా ఆ తేదీన పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుగుతోంది. అది శాఖ అర్పించే నివాళి. ఇంట్లో జరిపే స్మరణకు మాత్రం కుటుంబ విశ్వాసమే ఆధారం కావాలి. కాబట్టి సహోద్యోగులు ఏర్పాట్లకు పూనుకునే ముందు ఆ ఇంటివారి అభీష్టం తెలుసుకోవాలి.

హిందూ కుటుంబాల్లో ఆబ్దికం తేదీని బట్టి కాక తిథిని బట్టి పెడతారు కనుక, మరణించిన రోజును, వేళను పురోహితునికి చెప్పి మాస, పక్ష, తిథులను ముందే రాయించుకోవాలి. ఆయుధాల వల్ల మరణించినవారికి మహాలయ పక్షంలోని భాద్రపద బహుళ చతుర్దశి ప్రత్యేకమన్న సంగతి చాలామంది మరచిపోతారు; ఇంటి ఆచారాన్ని అనుసరించి ఆ రోజున కూడా శ్రాద్ధమో తర్పణమో జరిపించవచ్చు.

క్రైస్తవులైతే సంఘ కాపరితో మాట్లాడి జ్ఞాపకార్థ కూడిక ఏర్పాటు చేసుకోవాలి. కాథలిక్కులు నవంబరు 2న సమాధుల వద్ద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. ముస్లిం కుటుంబాల్లో దువా చేయడం, మృతుని పేరిట పేదలకు దానమివ్వడం సాధారణమే అయినా, వర్ధంతి జరపడంపై భిన్నాభిప్రాయాలున్నందున ముందుగా ఇమామును సంప్రదించాలి.

ఏ మతమైనా ప్రసంగాలు క్లుప్తంగా ఉండాలి. మరణించిన తీరును పిల్లల ఎదుట వర్ణించడం, నా దృష్టిలో, నివాళి కాదు. ఆయన సాయం పొందినవారెవరైనా వస్తే వారిచేత నాలుగు మాటలు చెప్పించండి.