ఆక్సాలిక్ ఆమ్లం పోసినా వరోవా నల్లి తగ్గకపోతే

లక్షణం: తేనెటీగలను పీడించే వరోవా నల్లికి మందుగా, చక్కెర పాకంలో ఈ ఆమ్లం కలిపి తేనెపెట్టెలో పోసిన మర్నాడు అడుగుపలక మీది తెల్లకాగితం నిండా ఎర్రమట్టి రంగు నల్లులు రాలతాయి. అయినా మూడు వారాలు తిరగకముందే, రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ద్వారం ముందు పాకుతూ కనిపిస్తాయి.

ఈ స్థితిలో చాలామంది మందు నకిలీదని అనుకొని మళ్లీ పోస్తారు. అలా చేయకండి, వెంటవెంటనే పోసే ఆమ్లం ఈగలకే హాని చేస్తుంది. ముందు పిల్లచట్రం (ఈగపిల్లలు పెరిగే చట్రం) పైకి తీసి, మైనపు మూత పడిన గదులు ఉన్నాయేమో చూడండి. నిమిషం పట్టే ఈ పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తున్నారు.

కారణం: ఆక్సాలిక్ ఆమ్లం ఈగల ఒంటి మీది నల్లినే చంపుతుంది, మూత కిందికి చేరదు. కూలి ఈగ గది సుమారు 12 రోజులు, పోతుటీగ గది ఇంకా ఎక్కువ రోజులు మూసి ఉంటుంది, నల్లి పిల్లలు పెట్టేది అక్కడే. చలిదేశాలలో శీతాకాలంలో కొంతకాలం రాణి గుడ్లు పెట్టదు కనుక అక్కడ ఒక్కసారి పోస్తే సరిపోతుంది. మన వరంగల్ వైపు చలి రాణిని ఆపేంతటిది కాదు. హన్మకొండ దగ్గరి మామిడితోటలో పుష్యమాసంలో మందు పోసి, రాలిన నల్లులను చూసి నిశ్చింతగా ఉన్నాను. నెల తిరిగేలోగా సగం పెట్టెలు బలహీనపడ్డాయి. అప్పుడు పోతుటీగ గది మూతను గుండుసూదితో విప్పి తెల్లటి పిల్లను బయటికి లాగితే, దాని పొట్టను పట్టుకొని రెండు నల్లులు ఉన్నాయి.

పరిష్కారం: పెద్ద పూత ముగిశాక రాణి గుడ్లు పెట్టకుండా దాన్ని చిన్న పంజరంలో ఉంచి ఆ పెట్టెలోనే వేలాడదీయండి. గుడ్డు నుంచి ఈగగా బయటికి రావడానికి కూలి ఈగకు 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది కాబట్టి, 25వ రోజున మూత పడిన గది ఒక్కటీ లేదని నిర్ధారించుకొని రాణిని వదిలి, ఆ సాయంత్రమే మందు పోయండి. చక్కెర, నీరు సమంగా కలిపిన లీటరు పాకంలో 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలు కరిగించి, ఈగలున్న ప్రతి చట్రం సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, పెట్టె మొత్తానికి 50 మించకుండా పోయాలి. తేనె అరలు ముందే తీసేయాలి. చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

రెండు వారాలకు సుమారు 300 ఈగలను జాలీమూత సీసాలో చక్కెర పొడితో దొర్లించి, రాలిన నల్లులను లెక్కపెట్టండి. తొమ్మిదికి మించితే పక్క పెట్టెల నుంచి వస్తూ ఉండవచ్చు, తోటలోని పెట్టెలన్నిటికీ ఒకేసారి చికిత్స చేయాలి. నల్లికి మందు అలవాటైందన్న మాట పట్టించుకోనక్కరలేదు.