మన క్లాసులో ఎన్ని భాషలు? 4వ పాఠం: ‘హీ’ ఎక్కడ, ‘షీ’ ఎక్కడ

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. పిల్లల్ని “నీ మాతృభాష ఏంటి” అని అడగకుండా, “అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతావు, తమ్ముడితో పోట్లాడేటప్పుడు ఏ భాషలో తిడతావు” అని అడిగి రాసుకోమన్నాను. అడిగి ఉంటే ఈపాటికి మీకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. రిజిస్టరులో హిందీ అని ఉన్న పిల్లలందరూ హిందీవాళ్లు కారు. అడ్మిషన్ రోజు ఫారం నింపినవాళ్లు ‘తెలుగు కాదు కదా’ అనుకుని హిందీ అని పడేస్తారు. లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకేమో తెలుగు అని పడుతుంది. ఇంకా అడగనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఆ కాగితం పక్కన లేకపోతే ఈ పాఠం ముందుకు సాగదు.

ఈ వారం నేర్చుకునేది ఒక్కటే. ఒక చిన్న వాక్యాన్ని క్లాసులో ఉన్న భాషలన్నింటిలో బోర్డు మీద పక్కపక్కన రాయించాలి. ఇంగ్లిష్ ఎక్కడ వేరే దారి పడుతోందో పిల్లల చేతే పట్టించాలి. ఎనిమిది నిమిషాల పని. గ్రామర్ పుస్తకం అక్కర్లేదు.

ఇది నాకు నా తప్పు వల్ల తెలిసింది కాబట్టి ముందు ఆ తప్పు చెప్తాను.

అప్పట్లో హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక చిన్న స్కూల్లో ఐదో తరగతికి ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఒకరోజు అమ్మ గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. అపార్ట్‌మెంట్ల పనికి ఒడిశా నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడు ఇలా రాశాడు: “మై మదర్ ఈజ్ గుడ్. హీ కుక్ రైస్. హీ గో టు వర్క్.” దాన్ని నేను గట్టిగా చదివాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. “మీ అమ్మ ఆడా మగా రా?” అని కూడా అడిగాను. రెండు ‘హీ’ల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, ‘షీ’ పెట్టి పదిసార్లు రాసుకు రమ్మన్నాను. బుద్ధిగా రాసుకొచ్చాడు. తర్వాతి వారం అక్క గురించి రాయమంటే మళ్లీ ‘హీ’.

ఒక మధ్యాహ్నం అన్నాల బెల్లప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. “మీ భాషలో ‘ఆమె వచ్చింది’ అని ఎట్లా అంటారు?”

“సే ఆసిలా.”

“మరి ‘అతను వచ్చాడు’?”

“సే ఆసిలా.”

అర్థం కాలేదేమో అని మళ్లీ అడిగాను, ఈసారి చేతులు తిప్పుతూ మీసం చూపిస్తూ. మేడమ్‌కి చెవుడేమో అన్నట్టు చూసి, “సే ఆసిలా” అని మెల్లగా, ముక్క ముక్కగా చెప్పాడు.

ఒడియాలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ ‘సే’ ఒక్కటే. క్రియ కూడా మారదు. బెంగాలీలోనూ అంతే. ‘షీ’ అనే మాట వాడికి తెలుసు. అడిగితే అర్థం కూడా చెప్తాడు. కాకపోతే నోరు తెరిచే ముందు ‘ఈ మనిషి ఆడా మగా’ అని ఒక్క క్షణం ఆగి చూసుకునే అవసరం వాడి భాషలో ఎప్పుడూ రాలేదు. ఇంగ్లిష్‌లో మాట మొదలెట్టగానే అది తేల్చుకోవాలి. ఆ సంగతి వాడికి చెప్పకుండా పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఏమీ రాదు.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ వాక్యం ఇప్పుడే రాయకండి.

ముందు తెలుగు పిల్లల్ని అడగండి. పుస్తకంలో ‘అతను వచ్చాడు’ అని ఉంటుంది. మీ పిల్లలు ఇంట్లో ‘వాడు వచ్చిండు’ అంటారు. వాళ్లు ఏదంటే అదే రాయండి. ‘వచ్చిండు కాదు, వచ్చాడు’ అని దిద్దారంటే ఆట అక్కడితో ఆగిపోతుంది. పిల్లలు తమ భాష చెప్పడం మానేసి, మేడమ్‌కి ఏ జవాబు కావాలో ఊహించడం మొదలుపెడతారు. కాబట్టి బోర్డు మీద: వాడు వచ్చిండు, ఆమె వచ్చింది.

తర్వాత ఉర్దూ. రాయడం వచ్చిన పిల్లల్ని పిలిచి చాక్‌పీసు చేతికివ్వండి. ఉర్దూ కుడివైపు నుంచి మొదలవుతుంది కాబట్టి బోర్డు కుడి సగం ముందే ఖాళీగా ఉంచుకోండి. నేను మొదటిసారి ఉంచలేదు. ఇటు నుంచి తెలుగు, అటు నుంచి ఉర్దూ వచ్చి బోర్డు మధ్యలో గుద్దుకున్నాయి. పిల్లలకి మాత్రం భలే సరదా అయింది. లిపి రాని పిల్లలైతే నోటితో చెప్పనిచ్చి మీరే తెలుగు అక్షరాల్లో రాయండి: వో ఆయా, వో ఆయీ.

మరాఠీ పిల్లలుంటే: తో ఆలా, తీ ఆలీ. ఒడియా: సే ఆసిలా, సే ఆసిలా. లంబాడీలో ఎట్లా అంటారో నేనిక్కడ రాయను. మీ క్లాసులో ఆ పిల్లలుంటే వాళ్లనే అడగండి. మీకు రాని భాష అయితే ఇంకా మంచిది, ఆ రెండు నిమిషాలు టీచరు వాళ్లే అవుతారు.

ఒక హెచ్చరిక. క్లాసులో ఆ భాష పిల్లవాడు ఒక్కడే ఉంటే, వాణ్ణి ఉన్నట్టుండి బోర్డు దగ్గరికి లాగకండి. ముందురోజే మెల్లగా అడగండి. వద్దంటే వదిలేయండి. ఎవరైనా కిసుక్కుమంటే తిట్టొద్దు. క్లాసందరి చేతా ఆ వాక్యం రెండుసార్లు అనిపించండి. ‘సే ఆసిలా’ అనడంలో తమ నాలుకా తడబడుతుందని తెలిశాక నవ్వు దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “వచ్చింది ఆడా మగా అని ఎక్కడ తెలుస్తోంది? సున్నా చుట్టండి.”

తెలుగులో రెండు చోట్లా సున్నాలు పడతాయి. ‘వాడు, ఆమె’ దగ్గర ఒకటి, ‘వచ్చిండు, వచ్చింది’ దగ్గర ఒకటి. మరాఠీలో కూడా అంతే. ఉర్దూలో ‘వో’ ఇద్దరికీ ఒకటే కాబట్టి సున్నా చివర ఉన్న ‘ఆయా, ఆయీ’ల మీదే పడుతుంది. ఒడియా దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు పట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ నిలబడిపోతారు. ఎక్కడా లేదు. సరిగ్గా అప్పుడు కింద ఇంగ్లిష్ రాయండి: హీ కేమ్, షీ కేమ్.

రాసి, నోరు కట్టేసుకోండి. ఈ మొత్తం పాఠంలో టీచర్లకి కష్టమైన పని ఇదే. మనకి జవాబు తెలుసు, చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. పది లెక్కపెట్టేలోపు ఎవరో ఒకరు అంటారు. మా క్లాసులో ఒక ఉర్దూ అమ్మాయి అంది: “మేడమ్, ఇది మాదానికి ఉల్టా ఉంది.”

అవును, ఉల్టానే. ఉర్దూలో ముందు మాట మారదు, చివరిది మారుతుంది. ఇంగ్లిష్‌లో ముందుది మారుతుంది, ‘కేమ్’ అలాగే ఉంటుంది. ఉర్దూ పిల్లలు కూడా హడావుడిలో ‘హీ, షీ’ తారుమారు చేస్తుంటారని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు చేస్తే కంగారు అనుకున్నాను. ఒడియా పిల్లవాడు చేస్తే చదువులో వెనకబడ్డాడు అనుకున్నాను. ఈ తేడా ఎందుకు చూపించానో ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకోటి నేను అస్సలు ఊహించలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “తెలుగుల గూడ ఒక్కోసారి తెల్వదు మేడమ్. సార్ వచ్చిన్రు, మేడమ్ వచ్చిన్రు” అంది. నిజమే! గౌరవం ఇవ్వగానే తెలుగు క్రియ ఆడా మగా చూడడం మానేస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఈ భాషే మాట్లాడుతున్నా నేను ఒక్కనాడూ గమనించలేదు. అక్కడి నుంచి మాట, ‘ఇంగ్లిష్‌లో సార్‌నీ తమ్ముణ్ణీ ఇద్దర్నీ హీ అనే అంటే మర్యాద ఎక్కడ పెడతారు’ అనే దాకా పోయింది. బెల్లు కొట్టారు. ఆ సంగతి ఆరో పాఠంలో చూద్దాం.

ఎనిమిది నిమిషాలూ అయ్యాక ఇంగ్లిష్ వాక్యాలు ఉంచి మిగతావి తుడిచేయండి. పీరియడ్‌లో మిగిలిందంతా ఇంగ్లిషే. దానికో చిన్న ఆట. ఒక పిల్ల ఇంట్లో ఒకరి పేరు చెప్పాలి: నానమ్మ, బాబాయి, ఎవరైనా సరే. పక్కన ఉన్నవాళ్లు మాట్లాడే ముందు చెయ్యెత్తాలి. ‘హీ’ అయితే ఎడమ చెయ్యి, ‘షీ’ అయితే కుడి చెయ్యి. చెయ్యి లేచాకే నోరు తెరవాలి. చూడ్డానికి వెర్రి ఆటలా ఉంటుంది గానీ, ఒడియా పిల్లవాడికి కావాల్సిన ఆ ఒక్క క్షణం ఇందులోనే దొరికింది. కొన్నాళ్లకి రాసేటప్పుడు కూడా వాడి కుడి చెయ్యి బల్ల మీంచి కాస్త లేచి ఆగేది. అప్పుడు ‘షీ’ పడేది.

ఈ పద్ధతికి చదువుకున్నవాళ్లు పెట్టిన పేరు ట్రాన్స్‌లాంగ్వేజింగ్. అమెరికా సరుకులా వినిపిస్తుంది గానీ, ఆ మాట పుట్టింది బ్రిటన్‌లోని వేల్స్ వాళ్ల భాష వెల్ష్‌లో. 1994లో కెన్ విలియమ్స్ అనే ఆయన వేల్స్ బడుల గురించి రాస్తూ వాడారు. అక్కడ పిల్లలు ఒక భాషలో చదివి, దాని గురించి రెండో భాషలో రాసేవాళ్లు. ఇది మనకీ పనికొస్తుంది, రాబోయే పాఠాల్లో వాడుకుందాం.

మీరు ఇది చేయబోతే అడ్డం పడేవాళ్లు ఉంటారు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒకాయన బోర్డు చూసి, “ఇంగ్లిష్ పీరియడ్‌లో ఉర్దూ ఏంటమ్మా?” అని రిమార్కు రాసి పోయారు. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పిన ఊరిది. 1958లో ఇంగ్లిష్ టీచర్లకి శిక్షణ కోసం పెట్టిన సంస్థ, ఇప్పుడు మనం ఇఫ్లూ అంటున్నది, ఆ ఉస్మానియా పక్కనే ఉంది. మా బోర్డు మీద మాత్రం రెండు భాషలూ పక్కపక్కన ఉండకూడదట. సరే, ఆయనతో వాదించి లాభం లేదు. “ఎనిమిది నిమిషాలే సార్” అని, పిల్లల నోట్సులు ముందు పెట్టండి. తల్లిదండ్రులు “ఇంగ్లిష్ కోసం కదా ఫీజు కడుతున్నాం” అన్నా అదే మందు. జూన్‌లో రాసిన పేజీ, ఆగస్టులో రాసిన పేజీ పక్కపక్కన చూపించండి.

తెలంగాణ సర్కారు బడుల టీచర్లకి ఒక మాట. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. మంచి పుస్తకాలే, ఈ ఆటకి బాగా పనికొస్తాయి. కానీ తెలుగు రాని పిల్లవాడికి అవి రెండూ పరాయి పేజీలే. వాడి పక్కన వాడి భాషా తెలుగూ రెండూ తెలిసిన పిల్ల ఉంటే కూర్చోబెట్టండి. లేకపోతే బొమ్మల మీద ఎక్కువ ఆధారపడండి. ‘తెలుగు రాకపోతే హిందీ వస్తుందిలే’ అని హిందీలోకి దిగకండి. నేను దిగాను. వాడు తలూపాడు, నేను నమ్మాను.

వచ్చే వారానికి హోంవర్క్. ఈ వాక్యాన్ని మీ క్లాసులో పెట్టి చూడండి: ‘రేపు వస్తా అని చెప్పిండు.’ మన దక్కనీ పిల్లలు, అంటే ఇక్కడి ఉర్దూ మాట్లాడేవాళ్లు, ‘ఆతూ బోల్కే బోలా’ అంటారు. ఆ ‘బోల్కే’ అచ్చం మన ‘అని’ లాంటిదే. ఢిల్లీ వైపు ఉర్దూలో అక్కడ ‘కి’ వస్తుంది. దక్కనీకి ఇది ఇరుగుపొరుగు తెలుగు నుంచి అంటుకున్న అలవాటు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఇద్దరూ కలిసి ‘హీ టోల్డ్ ఐ విల్ కమ్’ అంటారు. దిద్దకండి. ‘ఐ’ కింద గీత గీసి, రేపు వచ్చేది ఎవరో అడగండి. పిల్లలు ఏం చెప్పారో ఉన్నదున్నట్టు రాసుకుని రండి, ఐదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.