మిశ్రలోహం పైపొరలో పరమాణువుల కంపనాలను లెక్కించడం ఎలా?

ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖలో చదువుకునే విద్యార్థులు కూడా లోహమంటే కదలని ముద్ద అనుకుంటారు. అందులో ప్రతి పరమాణువూ సెకనుకు లక్షల కోట్ల సార్లు ఊగుతుంటుంది. పైపొరలోని వాటికి పొరుగువారు తక్కువ కాబట్టి అవి మరింత ఎక్కువ దూరం ఊగుతాయి. నికెల్, అల్యూమినియం సమపాళ్ల మిశ్రలోహంతో మొదలుపెట్టండి.

కావలసినవి: ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ల్యామ్‌ప్స్ (పరమాణువులపై బలాలు లెక్కించేది), ఫోనోపై (ఆ బలాల నుంచి కంపనాలు లెక్కించేది) సాఫ్ట్‌వేర్లు, ఆ రెండు లోహాలకు తయారుచేసిన ఎంబెడెడ్ ఆటమ్ పొటెన్షియల్ ఫైలు (పరమాణువుల మధ్య బలాలను, చుట్టూ ఉన్న పొరుగువారిని బట్టి చెప్పే సూత్రం). వేసవిలో కరెంటుకు భరోసా లేదు, యూపీఎస్ ఉంచుకోండి.

ప్రతి రెండు పరమాణువుల మధ్య దూరాన్ని మాత్రమే చూసే జంట పొటెన్షియల్ జోలికి పోవద్దు. పొరుగువారు తగ్గితే మిగిలిన బంధాలు బిగుస్తాయన్నది దానికి తెలియదు. చాలా లోహాల్లో పైపొర లోపలికి జరుగుతుంటే అది బయటికి నెడుతుంది. 1984లో మర్రే డా, మైకేల్ బాస్కెస్ అనే శాస్త్రవేత్తలు వివరించిన ఎంబెడెడ్ ఆటమ్ పద్ధతిలో ఈ లోపం లేదు. క్వాంటం లెక్కలే మేలనేవారి కంప్యూటర్లు రోజుల తరబడి నడుస్తాయి. నాది టీ తాగి వచ్చేలోపు ముగుస్తుంది. నేర్చుకునేవారికి ఇదే సరైన దారి.

110 తలంతో (ఘనాకార స్ఫటికాన్ని ఒక ముఖపు కర్ణం వెంట నిలువునా కోస్తే వచ్చే తలం) పదకొండు పొరల పలక కట్టి, పైన 15 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) శూన్యం వదలండి. పొరలు బేసి సంఖ్యలోనే ఉండాలి. అడుగు పొరలను బిగించవద్దు.

ఇక అందరూ చెడగొట్టే పని: సడలింపు, అంటే బలాలు దాదాపు సున్నా అయ్యేదాకా పరమాణువులను జరగనివ్వడం. ఘనంలో, అంటే పైతలానికి దూరంగా లోహం లోపల, సౌష్ఠవం వల్ల ప్రతి పరమాణువుపై నికర బలం సున్నా. 110 తలంపై ఎనిమిది దగ్గరి పొరుగువారిలో ఆరుగురే మిగులుతారు, కాబట్టి పాత చోట నిలకడ ఉండదు. గోలీ గిన్నె అడుగున ఉంటేనే ఊగుతుంది, వాలుపై పెడితే జారిపోతుంది. సడలించని పలకపై కంపనాలు లెక్కించడం అలాంటిదే. కల్పిత (ఇమాజినరీ) పౌనఃపున్యాలు రావచ్చు, సాఫ్ట్‌వేర్ వాటిని మైనస్ గుర్తుతో చూపిస్తుంది. ఆ మైనస్‌ను చెరిపేసి గ్రాఫ్ గీసేవారిని ఏటా చూస్తున్నాను!

ఇంకో ఉచ్చు ఉంది. పుస్తకంలోని 2.89 ఆంగ్‌స్ట్రామ్‌ల జాలక స్థిరాంకం (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడి పొడవు) వాడవద్దు. ముందు అదే పొటెన్షియల్‌తో ఘనాన్ని సడలించి, వచ్చిన విలువనే తీసుకోండి. లేకపోతే పలక అడ్డంగా సాగో నలిగో ఉండి, పౌనఃపున్యాలన్నీ పక్కకు జరుగుతాయి. తర్వాత ప్రతి పరమాణువుపై బలం ఆంగ్‌స్ట్రామ్‌కు 0.0001 ఎలక్ట్రాన్ వోల్టుల కిందికి దిగేదాకా పలకను సడలించండి. ప్రయోగాల్లో ఈ తలంపై అల్యూమినియం నికెల్ కన్నా సుమారు 0.2 ఆంగ్‌స్ట్రామ్‌లు పైకి వస్తుంది. మీ పలకలో అల్యూమినియం పైకి రాకపోతే అక్కడే ఆగండి.

మిగిలింది తేలిక. ఒక్కో పరమాణువును 0.01 ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ జరిపి బలాలు రాబట్టండి, కంపనాలు ఫోనోపై చూసుకుంటుంది. గ్రాఫ్‌లో ఘనపు పట్టీకి (లోపలి పరమాణువుల కంపన పౌనఃపున్యాల శ్రేణికి) కిందుగా కనిపించేది రేలీ 1885లో ఊహించిన ఉపరితల తరంగం. పలకకు రెండు ముఖాలు కాబట్టి అది జంటగా వస్తుంది. బ్రిలువా మండలం అంచున (గ్రాఫ్‌లో అతి పొట్టి తరంగాలుండే చోట) కూడా ఆ జంట విడివిడిగా కనిపిస్తే పలక పలచన. మరో నాలుగు పొరలు కలిపి, మళ్లీ సడలింపు నుంచి మొదలుపెట్టండి.