క్రెడిట్ స్కోరు యాప్‌లో 780, బ్యాంకులో 742: హోమ్ లోన్‌కు ముందు ఏం చూడాలి

మన అప్పులు, చెల్లింపుల వివరాలు చూసి క్రెడిట్ స్కోరు ఇచ్చే సంస్థలు క్రెడిట్ బ్యూరోలు. మన దేశంలో ఇవి నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఎవరి లెక్క వాళ్లది. ఫోన్‌లో యాప్ చూపేది ఒక బ్యూరో స్కోరైతే, బ్యాంకు తీసేది ఇంకోటి కావచ్చు. అందుకే ముందు బ్యాంకులో ఏ బ్యూరో రిపోర్టు చూస్తారో అడగండి. ఆ బ్యూరో సైట్‌లోనే పూర్తి రిపోర్టు తీసుకోండి, ఏడాదికొకటి ఉచితం. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

తర్వాత రిపోర్టులో మీ ఖాతా లెక్క ఏ తేదీదో చూడండి. లక్ష లిమిట్ ఉన్న కార్డు మీద 80,000 వాడారనుకుందాం. గడువులోగా మొత్తం కట్టేసినా, కట్టకముందు బ్యాంకు బ్యూరోకు పంపిన లెక్కలో 80,000 బాకీ ఉన్నట్టే ఉంటుంది. పాత లెక్క ఉన్న బ్యూరోలో స్కోరు తక్కువ, కొత్తది అందిన చోట ఎక్కువ. అప్లికేషన్‌కు రెండు నెలల ముందు నుంచే కార్డు వాడకం లిమిట్‌లో 30 శాతం లోపు ఉంచితే ఈ తలనొప్పి ఉండదు.

అసలు చూడాల్సింది స్కోరు కాదు, ఖాతాల పట్టిక. తీరిపోయిన లోన్ ఎదురుగా ‘క్లోజ్డ్’ అని ఉండాలి. ‘సెటిల్డ్’ అని ఉంటే తగ్గించి కట్టారని అర్థం. బ్యాంకులు అక్కడే ఆగిపోతాయి. తప్పుంటే ఎన్ఓసీ (అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే పత్రం) జతచేసి ఆ బ్యూరోలో డిస్ప్యూట్, అంటే ఫిర్యాదు, పెట్టండి, లోన్ ఇచ్చిన బ్యాంకుకూ రాయండి. ఫిర్యాదు తేలకుండా 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన.