విమానాశ్రయాల మధ్య దూరం తప్పుగా వస్తోందా? వచ్చిన అంకెను బట్టే తప్పు పట్టుకోండి

ముందు విమానాశ్రయాల్ని పక్కన పెట్టి, ఫార్ములాను రెండు సులువైన బిందువులతో పరీక్షించండి. అక్షాంశం 0, రేఖాంశం 0 నుంచి అక్షాంశం 0, రేఖాంశం 1 వరకు. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. పెడితే హేవర్‌సైన్ ఫార్ములా (అక్షాంశ రేఖాంశాల నుంచి భూమి మీది దూరం లెక్కించేది) 111.2 కి.మీ. ఇవ్వాలి.

6,371 వస్తే: డిగ్రీల్ని రేడియన్లలోకి (కోణాల్ని కొలిచే మరో ప్రమాణం) మార్చలేదు. కోణాల్ని 0.0174533తో గుణించండి, లేదా ఎక్సెల్‌లోని రేడియన్స్ ఫంక్షన్ వాడండి. అక్షాంశాల్ని మార్చడం మరిచిపోతే మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అందుకే 60 ఉత్తర అక్షాంశం మీద రేఖాంశాలు 0, 180 కూడా ఇచ్చి చూడండి. ధ్రువం మీదుగా 6,672 రావాలి.

19,904 వస్తే: ఏటాన్2లో (ఫార్ములా చివర కోణాన్ని ఇచ్చే ఫంక్షన్) విలువలు తారుమారయ్యాయి. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ముందు వై, తర్వాత ఎక్స్. ఎక్సెల్‌లో ముందు ఎక్స్. కోడ్‌లోని ఫార్ములాను అలాగే షీట్‌లోకి దించితే జరిగేది ఇదే. దీనికో గుర్తుంది: తప్పు దూరం, అసలు దూరం కలిపితే ఎప్పుడూ 20,015 వస్తుంది. భూమి చుట్టుకొలతలో సగం అన్నమాట. ఫంక్షన్‌లోని రెండు విలువల్నీ అటూ ఇటూ మార్చండి, సరిపోతుంది.

పరీక్షలు సరిగ్గా వచ్చినా విమానాశ్రయాలకు తప్పుతుంటే లోపం అక్షాంశ రేఖాంశాల్లోనే. పడమటి రేఖాంశానికి మైనస్ ఉందా? న్యూయార్క్ కెన్నెడీ, లాస్ ఏంజిలిస్ విమానాశ్రయాల్లో ఒకదానికి మైనస్ పోతే 3,970 కాస్తా 11,600 దాటుతుంది, వెంటనే కంటపడుతుంది. అదే కెన్నెడీ, లండన్ హీత్రో మధ్య కెన్నెడీకి మైనస్ మరిచినా 5,540 బదులు 5,600 వస్తుంది. హీత్రో సున్నా రేఖాంశానికి దగ్గర కావడంతో తప్పు దాక్కుంటుంది. దూరం నమ్మదగినట్టుందని వదిలేయకండి, రెండు బిందువుల్నీ మ్యాప్‌లో పెట్టి చూడండి.

కెన్నెడీ అక్షాంశం 40 డిగ్రీల 38 నిమిషాల 23 సెకన్లు. దీన్ని 40.3823 అని టైప్ చేస్తే బిందువు దాదాపు 29 కి.మీ. జరిగిపోతుంది. నిమిషాల్ని 60తో, సెకన్లను 3,600తో భాగించి కలపాలి: 40.6397. విమానాశ్రయాన్ని ఊరి పేరుతో వెతకొద్దు, దాని విమానాశ్రయ కోడ్‌తో వెతకండి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనూ ఉంది, కెనడాలోనూ ఉంది.

వేరే కాలిక్యులేటర్‌తో కాస్త తేడా వస్తే: కెన్నెడీ, హీత్రో మధ్య కొన్నిచోట్ల 5,555 కనిపిస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, గోళంగా లెక్కిస్తే ఈ 15 కి.మీ. తప్పదు. కచ్చితత్వం కావాలంటే డబ్ల్యూజీఎస్-84 నమూనాతో (భూమిని నొక్కుకుపోయిన ఆకారంగానే తీసుకునేది) జియోడెసిక్ లెక్క, అంటే ఆ ఆకారం మీద అతి దగ్గరి దారి లెక్క వాడండి. తేడా సరిగ్గా 1.852 రెట్లయితే ఒక అంకె నాటికల్ మైళ్లలో ఉన్నట్టు, 1.609 రెట్లయితే మామూలు మైళ్లలో ఉన్నట్టు.

విమానం నిజంగా ఎగిరిన దూరం ఇంకా ఎక్కువుంటే మీ లెక్కలో తప్పేమీ లేదు. వచ్చింది గ్రేట్ సర్కిల్ దూరం, అంటే అతి దగ్గరి దారి. గాలుల్నీ, మూసిన గగనతలాన్నీ, టేకాఫ్, ల్యాండింగ్ మలుపుల్నీ ఏ ఫార్ములా కలపదు.